కారే చోటు

పల్నాటి సీమ సున్నపురాతి నేల. పిడుగురాళ్ల సున్నమునకును, మాచర్ల నాపరాళ్లకును పేరు తెచ్చిన ఆ నేలయే అచటి బావినీటికి ఒక కాఠిన్యమును గూడ ఇచ్చినది. ఆ నీటిలో పప్పు ఒకంతట ఉడుకదు. సబ్బు నురుగు పట్టదు. కాగుబిందె అడుగున ఏడాది తిరుగకమునుపే తెల్లని పెచ్చు కట్టును. ఈ నీటి గుణమును వంటయింటిలో ఆడువారు ఎరిగినంత సూక్ష్మముగా ఎరిగినవారు మరియొక వర్గమువారు గూడ ఉండిరి. వారు మోటారు డ్రైవర్లు. రెంటచింతలలో ఎండ ఎంత కాచినదో పత్రికలలో చదివి తక్కిన జిల్లాలవారు నిట్టూర్చెడి ఆ వైశాఖ జ్యేష్ఠములలో, రోహిణీకార్తెకు రోళ్లు పగులునన్న సామెత సామెతగా గాక నిత్యానుభవముగా తోచెడి ఆ దినములలో, కంకరరోడ్ల మీద కారు నడుపవలసినవాడు పెట్రోలుకంటె ముందుగా విచారించుకొనవలసిన వస్తువు నీరు. పెట్రోలు లెక్క యజమానికి చెప్పవలెను. నీరు ఎంత పోసినది, ఏ ఊరి నీరు పోసినది, పోసిన నీరు ఏమైనది, ఈ లెక్క మాత్రము డ్రైవరు తనకు తానే చెప్పుకొనవలెను. ఆ లెక్క చెప్పుకొనెడి డ్రైవర్లును, అది తప్పినపుడు సరిచేసెడి మేస్త్రీలును నేడు అరుదైపోయిరి. వారి పనిని గురించియు, ఆ పని చుట్టు అల్లుకొనియున్న జీవనమును గురించియు నాకు తెలిసినంత వ్రాసి ఉంచవలెనని ఈ ప్రయత్నము.

మా నాయనగారు నరసరావుపేటలో వైద్యులు. 1960ల నాటికి ఆ పట్టణమున సొంత కారు గలవారు బహు కొలదిమంది. ఉన్న కార్లలో ఎక్కువ అంబాసిడర్లు. కలకత్తా చేరువనున్న ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్సువారు, ఆంగ్లదేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డు నమూనాను గైకొని, 1950ల చివరనుండి నిర్మించిన ఆ వాహనమునకు వేగము తక్కువ, బరువు ఎక్కువ, ఓర్పు అపారము. బోనెట్టు ఎత్తి చూచినచో 1489 సి.సి. ఇంజను చుట్టును కావలసినంత ఖాళీ. మేస్త్రీ భుజములవరకు లోపలికి వంగి, రెండు చేతులును ఆడించుకొనుచు పనిచేసికొనుటకు ఏ అడ్డమును లేదు. మా నాయనగారు కొన్నది అంతకు ముందే మరియొకరి చేతిలో కొంతకాలము నలిగిన బండి. దానిని నడుపుటకు కుదిరినవాడు పూర్వము లారీలు నడిపినవాడు. మాట తక్కువ, చెవి చురుకు. సత్తెనపల్లి, వినుకొండ, గురజాల దారులలోని పల్లెలనుండి పిలుపు వచ్చినపుడెల్ల వారిరువురును బయలుదేరెడివారు. సెలవుదినములలో వెనుక సీటున మందులపెట్టె ప్రక్కన నేనుండెడివాడను.

ఆ యంత్రమునకు నీరెందుకో నేటి పాఠకులకు కొంత చెప్పవలసియున్నది. ఇంజనులో కాలిన పెట్రోలువలన పుట్టిన వేడిమిలో చక్రములను త్రిప్పుటకు వినియోగపడునది సుమారు నాలుగవ వంతు మాత్రమే. తక్కినదానిలో కొంత పొగగొట్టము వెంట వెడలిపోవును. ఇంచుమించు మూడవ వంతు ఇంజను లోహమునకు సంక్రమించును. దానిని ఎప్పటికప్పుడు తొలగింపకున్నచో పిస్టనులు సిలిండరులలో బిగుసుకొనిపోవును, సిలిండరుల పైమూతయైన హెడ్డు వంకరపోవును. అందువలన సిలిండరుల చుట్టును పోతలోనే బోలుదారులు విడిచి, వానిలో నీటిని ప్రవహింపజేసి, వేడెక్కిన ఆ నీటిని మీది గొట్టముగుండ రేడియేటరు పైతొట్టికి పంపుదురు. అచటినుండి అది సన్నని ఇత్తడి నాళములలో క్రిందికి దిగుచు, నాళములకు అతికిన రాగిరేకుల సందులగుండ ఫ్యాను లాగెడి గాలికి తన వేడిని అప్పగించి, చల్లబడి క్రిందితొట్టి చేరి, పంపు లాగగా మరల ఇంజనులోనికి పోవును. బండి నడుచునంతసేపును ఈ ప్రదక్షిణము ఆగదు. రేడియేటరు మూతలో ఒక స్ప్రింగు కలదు; అది కొంత ఒత్తిడివరకు ఆవిరిని లోపలనే నిలుపును; ఒత్తిడి పెరిగినకొలదిని నీరు మరిగెడి మట్టమును పెరుగును. చదరపు అంగుళమునకు 7 పౌనుల ఒత్తిడిని నిలుపు మూత ఉన్నచో, నీరు 100 డిగ్రీల వద్ద గాక సుమారు 110 డిగ్రీల వద్ద మరుగును. మూతలోని రబ్బరు ఎండి బిరుసెక్కినచో ఈ లాభము పోవును. ఎచటను చిల్లి లేకున్నను నీరు ఆవిరియై ప్రక్కనున్న సన్నగొట్టమున వెడలిపోవుచునే యుండును. చలిదేశములలో నీరు గడ్డకట్టకుండుటకై దానిలో గ్లైకాలు కలిపెడివారు. మాకు ఆ భయము లేదు గనుక మా బండ్లు వట్టి నీటితోనే కాలము గడపినవి. గ్లైకాలుతో పాటు తుప్పును వారించు మందులు గూడ ఆ ద్రవమున ఉండునన్న సంగతి మా ప్రాంతమున బహుకాలము ఎవరును పట్టించుకొనలేదు.

బావినీటిలో కరగియున్న సున్నము, నీరు వేడెక్కగానే దానినుండి విడివడి, తాకిన లోహమునకు పెచ్చుగా పట్టును. కాగుబిందెకు పట్టినదానిని గీకి వదల్పవచ్చును. రేడియేటరు నాళములో పట్టినదానిని గీకుటకు చేయి దూరదు. నాళము ఇరుకై నీటి నడక మందగించును. నడక మందగించినకొలదిని ఇంజను వేడెక్కును. ఆ వేడికి మరింత పెచ్చు కట్టును. ఇది ఎరిగిన మా డ్రైవరు ఆ చుట్టుప్రక్కల ఊళ్ల నీళ్లకు తన మనస్సున ఒక పట్టిక కట్టియుంచుకొనెను. ఏ చెరువునీరు మెత్తన, ఏ బావినీరు చవుడు, ఏ దిగుడుబావిలో వేసవియందును తేటనీరు నిలుచును, ఇవన్నియు ఆతనికి కంఠస్థములు. వానకాలమున డాబా తూమునుండి జారెడి నీటిని కుండలలో పట్టి, మడతలు పెట్టిన పంచెగుడ్డలో వడియగట్టి, రేడియేటరు కొరకని వేరుగా దాచెడివాడు. ఆ కుండలను ఇంటిలో మరియెవ్వరును ముట్టరాదు.

తెల్లవారుజామున బండి చల్లగా నున్నపుడు ఆతని మొదటి పని బండి క్రింది నేలను చూచుట: రాత్రి ఏ బొట్టయిన పడినదా, పడినచో అది నీరా, నూనెయా, పడినది ముందువైపునా, నడుమనా. తరువాత మూత త్రిప్పి నీటిమట్టము చూచి, ముంచిన వ్రేలిని వెలుగులో త్రిప్పి జిడ్డు తళుకేమైన కలదాయని పరీక్షించును. నీటిపై నూనె తేలినను, నూనె కొలిచెడి పుల్లకు మజ్జిగ రంగు నురుగు పట్టినను, హెడ్డు క్రింది గ్యాస్కెట్టు పోయినదని అనుమానింపవలెను. ఫ్యానుబెల్టును బొటనవ్రేలితో నొక్కి బిగువు చూచుట, రబ్బరు గొట్టములను పిసికి అవి మెత్తబడినవో, ఉబ్బినవో కనుగొనుట, క్లిప్పుల మరలను ఒకసారి తడవుట, ఇవన్నియు ముగిసినగాని ఆతడు తాళపుచెవి చేతబట్టెడివాడు కాడు. ఈ నియమములను ఆతనికి ఎవరును వ్రాసి ఈయలేదు. లారీ మీద క్లీనరుగా నున్న బాల్యమున పెద్ద డ్రైవర్ల చేతి మొట్టికాయలతోపాటు నేర్చుకొన్నవి.

ఇంత జాగ్రత్తలోను మిట్టమధ్యాహ్నపు ప్రయాణములలో బండి మరుగుట మానలేదు. శివరాత్రికి కోటప్పకొండ దారిలో, ఆకాశమంటు ప్రభలను లాగెడి ఎడ్ల వెనుక నడక వేగమున ప్రాకవలసివచ్చిన కార్లు, ఎండ ముదురకున్నను, గాలి ఆడక మరిగి దారి ప్రక్కన బారులు తీరెడివి. తిరుమలకు 1944లో వెలసిన ఘాటు రోడ్డు మీదను ఇదే దృశ్యము: మొదటి గేరున మూలుగుచు ఎక్కిన బండ్లు మలుపు మలుపునకును బోనెట్టు తెరచుకొని నిలిచియుండగా, యాత్రికులు గోవిందనామములు చెప్పుకొనుచు అవి చల్లబడువరకు రోడ్డు గట్టున కూర్చుండెడివారు. మరిగిన బండికి చేయవలసిన ఉపచారమునకు ఒక క్రమము కలదు. బండిని నీడకు చేర్చవలెను. మూతను తత్క్షణమే తీయరాదు. లోపల నిలిచిన ఒత్తిడి ఒక్కపెట్టున విడివడి, మరుగునీరు ముఖమున చిమ్మి కండ్లు పోయిన డ్రైవర్ల కథలు ప్రతి లారీ స్టాండులోను వినబడెడివి. చేయి ఆనించి ఓర్చుకొనగల వేడికి వచ్చినపిదప, మందపు గోనెగుడ్డ కప్పి, మూతను తొలి మెట్టువరకు మాత్రమే త్రిప్పి, ఆవిరి బుస్సుమని పోయినతరువాతనే పూర్తిగా తీయవలెను. నీరైనను ఒక్కసారిగా కుమ్మరింపరాదు. కాలియున్న పోతయినుము మీద చల్లనీరు పడినచో పగులును. ఇంజనును నెమ్మదిగా తిరుగనిచ్చుచు చెంబుచెంబుగా పోయవలెను.

ఈ నిరీక్షణయందే ఆ కాలపు జీవనము ఒకటి దాగియున్నది. వేపచెట్టు క్రింద కారు ఆగినదనగానే పొలము గట్లనుండి ఒకరిద్దరు, ఇండ్లనుండి పిల్లలు చేరెడివారు. డాక్టరుగారి బండియని తెలియుటకు ఎంతోసేపు పట్టదు. ఎవరో నులకమంచము తెచ్చి నీడలో వాల్చెడివారు. బిందె నడుమకెత్తుకొని వచ్చిన ఒక ముసలమ్మతో మా డ్రైవరు, “నీళ్లు బండికి కావాలమ్మా” అని మొగమాటముతో పలుకగా, ఆమె, “ముందు మడుసులు తాగండయ్యా, బండికి ఇంకో బిందె తెస్తాలే” అనుట నాకింకను వినబడుచున్నట్లున్నది. ఇంజను చల్లబడువరకు మా నాయనగారు ఆ మంచము మీద కూర్చుండి, జ్వరపు బిడ్డల నాలుకలు చూచెడివారు. గర్భిణులకు జాగ్రత్తలు చెప్పెడివారు. మందులపెట్టెనుండి మాత్రలు పంచెడివారు. ఆ ఊరి నీళ్లు త్రాగి ఆ ఊరివారివద్ద ఫీజేమి తీసికొందుమని వారి మతము. ఏ ఊరను ఎవరికి జబ్బుగా నున్నది, ఏ బావి ఎండినది, ఎవరి బిడ్డ పెండ్లి కుదిరినది, ఇవన్నియు ఆ చెట్ల నీడలలోనే వారికి తెలిసెడివి. బండి మరుగకున్నచో ఆ పల్లెలలో చాలవానిలో మేము ఆగియే యుండము.

ఒక వేసవిలో మా బండి నీరు త్రాగుట మితిమీరెను. ఉదయమున నిండుగా పోసిన నీరు సాయంత్రమునకు వెలితిపడుచుండెను. తెల్లవారి చూచిన నేల మీద బొట్టు లేదు. చిల్లియున్నచో తడి కనబడవలెను గదా యని అందరును తలలు గోకికొనిరి. సలహాలకు కొదువ లేదు. రేడియేటరులో గుప్పెడు పసుపు వేయుమని ఒకరు, కోడిగ్రుడ్డు తెల్లసొన పోయుమని ఒకరు, పొగాకు పొడి మేలని ఇంకొకరు, బట్టలసబ్బును మెదిపి తొట్టికి పైనుండి పూయుమని వేరొకరు. ఇవి వట్టి మాటలు కావు. నడిదారిలో గతిలేనపుడు పసుపు ఉబ్బి చిన్న చిల్లిని పూడ్చుటయు, తెల్లసొన వేడికి గట్టిపడి ఊరు చేర్చుటయు ఎందరో డ్రైవర్లకు అనుభవమే. కాని మా డ్రైవరు వాని జోలికి పోక, బండిని గుంటూరు రోడ్డుననున్న సాయిబు మేస్త్రివద్దకు తోలుకొనిపోయెను.

ఆ మేస్త్రి దుకాణమన ఒక తాటాకు పందిరి. దానిక్రింద నీటితో నిండిన పెద్ద సిమెంటు తొట్టి, బొగ్గుల కుంపటి, కిరసనాయిలు బ్లోలాంపు, గోడకు చేరవేసిన పాత రేడియేటర్ల గుట్ట. ఆయన తండ్రియు తాతయు కళాయి పనివారు; తిత్తి భుజమున వేసికొని వీధివీధి తిరుగుచు, ఇత్తడి గిన్నెలను కాచి, నవాసాగరము చల్లి, తగరమును దూదితో పులిమి తళతళలాడించినవారు. ఇండ్లలోనికి స్టెయిన్‌లెస్ స్టీలు గిన్నెలు చొరబడుటతో ఆ వృత్తి సన్నగిల్లెను. ఇత్తడి, రాగి, తగరము, నిప్పు, ఈ నాలుగింటితో తరతరములుగా నున్న పరిచయమును ఆయన రేడియేటర్ల వైపు మరల్చెను. అట్లు మరలినవాడు మా ప్రాంతమున ఆయన ఒక్కడే కాడు.

మేస్త్రి ఉలి, స్పానరు ముట్టకమునుపు ప్రశ్నలు వేసెను. “ఎక్కుడులో ఎక్కువ తగ్గుద్దా, చదునులోనా? బండి నిలబెట్టినాక తగ్గుద్దా, నడిచేటప్పుడా? పొద్దున్నే స్టార్టు చేస్తే తెల్లపొగ వస్తందా?” మా నాయనగారు కొత్త రోగిని అడుగునట్లే ఆయన బండిని గూర్చి అడుగుచుండెను. డ్రైవరు చెప్పినదంతయు విని, నీరు పోయుచు ఇన్నాళ్లు నడిపినందుకు మెత్తగా మందలించెను. “నీళ్లు పోస్తే బండి నడుసుద్దయ్యా. కారే చోటు కనపడితే బండి బతుకుద్ది.”

వెదకుట యనునది ఒక శాస్త్రమని నాకు ఆ దినమున తెలిసినది. సులభముగా కనబడు చోట్లనుండి కష్టముగా కనబడు చోట్లకును, చౌకగా బాగగువానినుండి ఖర్చుతో బాగగువానికిని పోవుట ఆయన పద్ధతి. మొదట మూత రబ్బరు చూచెను, సరిగానున్నది. మీది గొట్టము, క్రింది గొట్టము వంచి, మడతలలో పగుళ్లకై వెదకెను. క్లిప్పుల క్రింద తడి లేదు. పంపు ఇరుసు అడుగున ఒక చిన్న రంధ్రము ఉండును. లోపలి సీలు అరిగినచో నీరు బేరింగులోనికి పోక ఆ రంధ్రమున చుక్కలుగా బయటపడును. వ్రేలు పెట్టి చూడగా అది పొడిగా నుండెను. ఇంజను ప్రక్కలను పోతరంధ్రములు మూయుటకు బిగించిన రేకు బిళ్లలు తుప్పుకు చిల్లులు పడుట కద్దు. దీపము పెట్టి చూడగా వానియందును దోషము లేదు. పిమ్మట మూత తీసియుంచి, చల్లని ఇంజనును నడిపించి, నీటి పైభాగమును తదేకదృష్టితో చూచెను. గ్యాస్కెట్టు పోయినచో సిలిండరులోని పొగ నీటిలోనికి చొరబడి ఎడతెగని బుడగలు లేచును. బుడగలు లేవు; పొగగొట్టమున తెల్లని ఆవిరియు లేదు. “ఇంజను మంచిదే. రేడియేటరు చూద్దాం” అని ఆయన అనగానే మా డ్రైవరు ముఖమున ప్రాణము వచ్చెను. హెడ్డు దింపుటకును రేడియేటరు దింపుటకును గల ఖర్చు భేదము ఆతడెరుగును.

బండిని కొంతదూరము వేడెక్కునట్లు నడిపించి తెచ్చి, ఫ్యాను వెనుకనుండి టార్చి వేసి వెదకగా, క్రిందితొట్టి అతుకుదగ్గర, రాగిరేకుల సందున, దారమంత సన్నని తెల్లని చార ఒకటి కానవచ్చెను. అది సున్నము. లోపల వేడియు ఒత్తిడియు పెరిగినపుడు మాత్రమే విచ్చుకొనెడి ఒక సన్నని పగులునుండి నీరు చెమర్చుచుండెను. చెమర్చిన నీటిని ఫ్యానుగాలి నేల మీద పడనీయక అచటనే ఆర్పివేయుచుండెను. ఆరిన నీరు తనలోని సున్నమును అచట విడిచిపోవుచుండెను. బండి చల్లబడినంతనే పగులు మూసికొనిపోవును గనుక తెల్లవారి నేల పొడిగానే యుండెను. ఏ సున్నము రేడియేటరును చెరుపుచుండెనో ఆ సున్నమే దాని రంధ్రమును పట్టియిచ్చెను. మెత్తని నీరున్న కృష్ణాడెల్టాలో ఐనచో ఆ జాడ దొరకుట ఇంకను కష్టమయ్యెడిదని మేస్త్రి నవ్వుచు చెప్పెను.

రేడియేటరును దింపి, దాని రెండు నోళ్లకును రబ్బరు బిరడాలు బిగించి, సిమెంటు తొట్టిలో ముంచి, సన్నగొట్టమునకు సైకిలు పంపు తగిలించి కుర్రవాడు గాలి కొట్టుచుండగా, మేస్త్రి నీటిపై ముఖముంచి చూచుచుండెను. చార కనబడిన చోటనే బుడగలు వరుసగా లేచినవి. దానికి జానెడు దూరమున, మాకెవరికిని తెలియని రెండవ చోట, ఉండియుండి ఒక్కొక్క బుడగ లేచినది. రెంటికిని సుద్దతో గురుతులు పెట్టెను. తడియున్నచోట టంకము పట్టదు. మురికియున్నచోట అసలే పట్టదు. కనుక ఎండలో ఆరబెట్టి, తీగకుంచెతో తోమి, ఉప్పుద్రావకమున తుత్తునాగము ముక్కలను కరగించిన మందును పూసి, రాగితల గల కడ్డీని కుంపటిలో కాచి, నవాసాగరపు గడ్డపై రుద్ది, సీసము తగరము కలిపిన టంకమును ఆ చోట పారించెను. సీసము, తగరము విడివిడిగా కరుగుటకు ఎక్కువ వేడి కావలెను. కలిసినపుడు 183 డిగ్రీల వద్దనే మెత్తబడనారంభించును. ఇత్తడి కరుగుటకు అంతకు ఇంచుమించు ఐదు రెట్ల వేడి కావలెను గనుక, నాళమునకు హాని లేకుండ అతుకు పడును. అయినను దానికి హద్దు కలదు. కడ్డీ ఒక్క క్షణము ఎక్కువ నిలిచినచో ప్రక్క నాళము అతుకు గూడ కరగిపోవును. మాటు వేయుటయందలి నేర్పంతయు కడ్డీని ఎప్పుడు ఎత్తవలెనో తెలియుటయందే ఉన్నది. రెండవ చోటి పగులు నాళము నడుమ, చేయి చొరని రేకుల మధ్య పడినది. అట్టిదానికి ఆ నాళము రెండు కొనలను మూసివేయుటయే గతి. నాళము ఒకటి పోయినను తక్కినవి భరించును. మరీ ఎక్కువ మూసినచో బండి చల్లబడదు, అపుడు నాళములును రేకులును కలిసిన కోరునే మార్పవలెను.

దింపినది ఎట్లును దింపితిమి గదాయని పైతొట్టి అతుకును బ్లోలాంపుతో కరగించి విప్పగా, నాళముల నోళ్లు తెల్లగా పూడియున్నవి. నాళము వెడల్పునకు సరిపడు పలుచని ఉక్కుబద్దను ఒక్కొక్కదానిలో పైనుండి క్రిందివరకు దూర్చి, ఆడించి, నీరు కొట్టగా, పెచ్చులు పెచ్చులుగా రాలిన సున్నము పళ్లెము నిండెను. దానితోపాటు ఎప్పుడో, ఎవరో, వెనుకటి యజమాని కాలమున వేసిన పసుపు ముద్దలు గూడ వెలువడినవి. మేస్త్రి వానిని చూపి, చిల్లిని మూసిన పసుపు మంచి నాళములను గూడ మూయునని చెప్పెను. దారిలో చేసిన ఉపాయము ఊరు చేరినపిదప కడిగివేయవలెను. ఊరు చేరుటయే చాలుననుకొన్నవారి బండ్లు ఆయన పందిరి క్రిందికి తిరిగి వచ్చెడివి. ఇట్టి బండ్లలో చాలవానికి, వేడెక్కకుండుటకని, ఇంజను చల్లగానున్నంతసేపు రేడియేటరుకు నీటిదారిని మూసియుంచెడి థర్మోస్టాటును సైతము ఎవరో తీసిపారవేసియుండెడివారు. నాళము పూడియున్నపుడు థర్మోస్టాటును నిందించుట ఆ కాలపు సామాన్య దోషము.

తొట్టిని మరల అతికి, మరల నీటిలో ముంచి, బుడగ లేదని రూఢి చేసికొన్నతరువాతనే ఆయన కూలి చెప్పెను. రసీదు లేదు, గ్యారంటీ కాగితము లేదు. తన మాటు విడిపోయినచో తానే ఊరక వేసి ఇచ్చుట ఆయన నియమము. ఆ నియమమును ఊరంతయు ఎరుగును.

పల్నాటి నీటి కథను మార్చినది నాగార్జునసాగరము. 1955 డిసెంబరు 10న పండిత నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ ప్రాజెక్టు కాలువలకు 1967 ఆగస్టు 4న శ్రీమతి ఇందిరాగాంధీ నీరు విడిచిరి. కుడికాలువ నీరు మెట్టపొలములను మాగాణి చేయుటను అందరును వర్ణించిరి. ఆ నీటిని మా డ్రైవరు చెంబుతో ముంచి నాలుకపై వేసికొని, ఇది రేడియేటరుకు పనికివచ్చునని తీర్పు చెప్పిన వైనము ఏ పత్రికలోను పడలేదు. తరువాతి సంవత్సరములలో కాలువగట్టు ప్రక్కన లారీలు ఆపి, డబ్బాలతో నీరు నింపుకొనుట ఆ దారులలో ఒక ఆచారమైపోయెను. బావుల పట్టిక క్రమముగా మరపునకు వచ్చెను.

1983 డిసెంబరులో మారుతీ 800 వీధులలోనికి వచ్చుటతో మోటారుబండి స్వభావమే మారెను. ఇంజను అడ్డముగా నిలిచి, ఫ్యాను విద్యుత్తుతో తిరిగి, రేడియేటరునుండి పొంగిన నీరు ప్రక్కనున్న డబ్బాలో చేరి చల్లబడినపిదప తిరిగి లోనికి పోవు ఏర్పాటు సామాన్యమయ్యెను. రానురాను వట్టి నీటికి బదులు రంగుగల కూలెంటు నింపుట అలవాటయ్యెను. ఇత్తడి, రాగి పోయి అల్యూమినియము కోరును, దానికి రబ్బరు నొక్కి బిగించిన ప్లాస్టిక్కు తొట్లును వచ్చినవి. ప్లాస్టిక్కుకు టంకము పట్టదు, పగిలినచో మార్చుటయే. అంబాసిడరు 2014లో ఉత్తరపారాలో నిలిచిపోవుటకు ఎంతో ముందుగానే సాయిబు మేస్త్రి పందిరి లేచిపోయెను. ఆయన కుమారులు ఆ పని నేర్వలేదు. నేర్వకుండుటకు ఆయనయే కారకుడు. సీసపు పొగలు, ద్రావకపు ఆవిరులు పీల్చి జీవితమంతయు దగ్గిన మనుష్యుడు, తన బిడ్డలు ఆ తొట్టిపై వంగరాదని కోరుట న్యాయమే. మా నాయనగారు ఆయన ఛాతీని పరీక్షించి ఎన్నడో చెప్పిన మాట అదే.

కనుక గతించినదంతయు మంచిదని నేననను. మరుగునీటికి ముఖములు కాలుట, నడివేసవిలో పిల్లలతో దారిలో నిలిచిపోవుట, వృత్తి వలన ఊపిరితిత్తులు చెడుట, ఇవి తిరిగి రావలెనని ఎవరు కోరుదురు? కాని ఒక సద్గుణము ఆ కాలముతో పాటు సన్నగిల్లినది. యంత్రము ఏదో లోపమును సూచించినపుడు, ఆ లోపము ఎచటనున్నదని ఓర్పుతో వెదకెడి బుద్ధి నాడు డ్రైవరుకును, మేస్త్రీకిని, యజమానికిని కొంతకొంత యుండెను. నేడు డబ్బాలో ద్రవము తగ్గినచో సీసా తెచ్చి పోయుదురు. మరల తగ్గినచో మరల పోయుదురు. హెచ్చరికదీపము వెలిగినపిదప, అప్పటికే ఇంజను చెడియున్నపుడు, దుకాణమునకు పోయి ఏది మార్చుమన్న దానిని మార్చుదురు. మూసియున్న యేర్పాటులో ద్రవము ఊరక తగ్గదు. మరల మరల తగ్గినచో అది ఎచటికో పోవుచున్నదనియే తెలియవలెను.

ఈ వ్యాసము చదువువారిలో కారు గలవారికి నా మనవి ఇది. బండి రాత్రియంతయు చల్లబడినపిదప, ఉదయమున డబ్బాపైనున్న గీతను చూడుడు. తగ్గుచున్నదని తోచినచో, రాత్రి బండి క్రింద ఒక అట్టముక్క పరచి, తెల్లవారి రంగుబొట్టు పడినదేమో, ఏ చోట పడినదో చూడుడు. గొట్టముల కొనలవద్ద, పంపు క్రింద, రేడియేటరు అతుకులవద్ద ఎండిన చారలకై వెదకుడు; కూలెంటు రంగుగలది గనుక సున్నము చేసిన పనిని నేడు ఆ రంగు చేయును. బొట్టు పడకయే తగ్గుచున్నచో మేస్త్రీకి చూపి, ఒత్తిడి పెట్టి పరీక్షింపుమని అడుగుడు. వేడిగానున్న బండి మూతను ఏ తొందరలోను తీయకుడు. పోయవలసినచో బండి పుస్తకములో చెప్పిన కూలెంటునే పోయుడు. గతిలేక నీరు పోసినచో, ఊరు చేరగానే దానిని మార్పించుడు. కారుటకు తరచుగా కారణమగు గొట్టము, క్లిప్పు, మూత, ఈ మూడింటి ధరయు కలిపినను, వేడికి వంకరపోయిన హెడ్డును సరిచేయించుటకగు ఖర్చులో అది బహు స్వల్పభాగము.